హిస్పానిక్ సంఘాలకు సాయం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (కందిపప్పు కథతో సహా)

ప్లానో_లక్ష్మి | ఆగస్టు 24, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది డాలస్ పైన ప్లానో. మా బతుకమ్మ కమిటీ ఏటా పండక్కి వసూలైన డబ్బుల్లో కొంత బయట ఏదైనా మంచి పనికి ఇస్తుంది. ఈసారి ఇక్కడి హిస్పానిక్ వాళ్ళ సంస్థ దేనికైనా ఇద్దామనుకున్నాం. కారణం ఉంది. మేం బతుకమ్మ ఆడే హాలును ఏడేళ్ళుగా శుభ్రం చేస్తున్నది ఒక హోండురాస్ ఆవిడ. మేం ఆడిపాడి ఇళ్ళకు పోయాక, నేలకు అంటుకుపోయిన బంతిపూల రెక్కలు గీకి తీసేది ఆవిడే. మొన్న మీటింగులో ఎవరో "ఆవిడ పేరేంటి?" అని అడిగితే పదిహేను మందిలో ఇద్దరికే తెలుసు. సిగ్గేసింది.

పోయినేడు ఒక ప్రయత్నం చేసి బోల్తా పడ్డాం. ఎక్కువగా స్పానిష్ మాట్లాడేవాళ్ళు వచ్చే ఒక ఫుడ్ ప్యాంట్రీకి (లేనివాళ్ళకు ఉచితంగా తిండి సామాన్లు ఇచ్చే చోటు) 30 సంచుల కందిపప్పు, పెద్ద పసుపు ప్యాకెట్లు తీసుకెళ్ళి ఇచ్చాం, ఫోటోలు కూడా దిగాం. మూడు వారాల తర్వాత వేరే పని మీద వెళ్తే ఆ సంచులు గోడవారన అలాగే ఉన్నాయి. అక్కడి ఆవిడ చాలా మర్యాదగా, "దీన్ని ఎంతసేపు నానబెట్టాలి?" అని అడిగింది.

అందుకే ముందే అడుగుతున్నాను. వీళ్ళ గురించి కాస్త తెలుసుకోవాలంటే ఎక్కడ చూడాలి? ఏ సంస్థను నమ్మాలి? మేం చేయకూడనివి ఏంటి?

అలమో_రమేష్ | ఆగస్టు 24, రాత్రి 10:55

లక్ష్మి గారూ, నేను శాన్ ఆంటోనియోలో 22 ఏళ్ళుగా ఉంటున్నాను. మా వీధిలో తెలుగు ఇల్లు మాదొక్కటే, మిగతావాళ్ళు దాదాపు అందరూ మీరంటున్న హిస్పానిక్ వాళ్ళే. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, "హిస్పానిక్ వాళ్ళు" అని ఒక జనం లేరు. అది సెన్సస్ ఫారంలో ఒక గడి. 1980 నుంచి ఆ ప్రశ్న ఇంటింటికీ వేస్తున్నారు. మనల్ని, చైనా వాళ్ళని, కొరియా వాళ్ళని కలిపి "ఏషియన్" అనే గడిలో వేసినట్టే.

మాటల తేడా చెప్తాను. హిస్పానిక్ అనేది భాషను బట్టి, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు. లాటినో అనేది నేలను బట్టి, అంటే లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళు. బ్రెజిల్ ఆయన లాటినో, కానీ వాళ్ళది పోర్చుగీసు కాబట్టి హిస్పానిక్ కాదు. స్పెయిన్ నుంచి వచ్చినాయన హిస్పానిక్, లాటినో కాదు. ఇదంతా పుస్తకాల లెక్క. మనిషిని నేరుగా అడిగితే చాలామంది తమ దేశం పేరే చెప్తారు. ఆడ, మగ తేడా లేకుండా ఉండాలని లాటినోకు బదులు కొందరు వాడే "లాటినెక్స్" అనే మాట మీ ఫ్లయర్ మీద వేయకండి. ప్యూ రీసెర్చ్ వాళ్ళు 2020లో సర్వే చేస్తే ఆ మాట తమ గురించి వాడుకునేవాళ్ళు నూటికి ముగ్గురే తేలారు.

మా పక్కింటి పెద్దాయన ఈ రెండు మాటలూ ఒప్పుకోడు. "నేను తెహానోని" అంటాడు. టెక్సస్ మెక్సికోలో భాగంగా ఉన్న రోజుల నుంచీ వాళ్ళ కుటుంబం ఇక్కడే ఉంది. టెక్సస్ 1836లో విడిపోయింది, 1845లో అమెరికాలో కలిసింది, 1848 ఒప్పందంతో కాలిఫోర్నియా దాకా మిగతా నేలంతా చేతులు మారింది. "సరిహద్దును మేం దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వీళ్ళలో ఒక మాట ఉంది. అలాంటాయన్ని "మీరు ఎప్పుడొచ్చారు?" అని మన కొత్త కుర్రాడొకడు అడిగాడు. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి, "నువ్వెప్పుడొచ్చావు బాబూ?" అన్నాడు.

ప్యూర్టోరికో వాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులు. వాళ్ళను వీసా గురించి అడిగితే ఇంకా దారుణం. అడిగినవాళ్ళను చూశాను.

బే_ఏరియా_చందు | ఆగస్టు 24, రాత్రి 11:20

"ఇండియన్ అంటున్నావు, హిందీ రాదా?" అని ఉత్తరాదివాళ్ళు అడిగితే మనకు ఒళ్ళు మండుతుంది కదా. అచ్చం అదే మనం వీళ్ళకు చేస్తున్నాం. నేను ఎనిమిదేళ్ళు మా లాన్ కోసే అతన్ని మెక్సికన్ అనుకున్నాను. ఎల్ సాల్వడార్ అట. అతను మాత్రం నన్ను పాకిస్తానీ అనుకున్నాడట, చెల్లుకు చెల్లు 😀

వనజ_టీచర్ | ఆగస్టు 25, ఉదయం 6:15

ఎలిమెంటరీ స్కూల్లో తొమ్మిదో ఏడు నాది. మా క్లాసులో సగానికి పైగా పిల్లల ఇంటి భాష స్పానిష్. మీరు "చేయకూడనివి" అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

సాంబ్రెరో టోపీలు, అతికించే మీసాలు, రంగురంగుల పోంచోలు పెట్టుకుని "మెక్సికన్ నైట్" చేయకండి. నవ్వులాట కాదు, ఒక తెలుగు సంఘం వాళ్ళు నిజంగానే చేశారు, ఫోటోలు నా ఫోనుకు వచ్చాయి. ఎవరైనా పంచె కట్టుకుని, అడ్డబొట్టు పెట్టుకుని, తల అటూఇటూ ఊపుతూ మనలా యాస పెట్టి మాట్లాడితే మనకు ఎలా ఉంటుంది?

మే 5న వచ్చే సింకో దె మాయో మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. 1862లో పుయెబ్లా ఊరి దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు అది. మెక్సికో స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. అమెరికాలో హిస్పానిక్ వారసత్వ మాసం సెప్టెంబరు 15న మొదలై అక్టోబరు 15న అయిపోతుంది. నెల మధ్యలో మొదలేంటని మా పిల్లలు ఏటా అడుగుతారు. గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగ్వా, కోస్టారికా, ఈ ఐదు దేశాలూ 1821లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది సెప్టెంబరు 15నే. 1968లో వారంగా మొదలైంది, 1988లో నెల చేశారు. కాబట్టి లక్ష్మి గారూ, మీ హాలు ఆవిడకు శుభాకాంక్షలు చెప్పాల్సిన రోజు మే 5 కాదు, సెప్టెంబరు 15.

పేర్ల సంగతి. చాలామందికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ముందు నాన్నది, తర్వాత అమ్మది. ఫారం నింపేటప్పుడు రెండోదే అసలు ఇంటిపేరు అనుకుని మొదటిది కొట్టేస్తారు. మా ఆఫీసులో ఒక పాప ఫైలు మూడు పేర్ల మీద మూడు ముక్కలైంది, టీకాల రికార్డు ఒక చోట, మార్కులు ఒక చోట. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందా వెనకా అని కొట్టుకునే మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

పదిహేనో ఏట ఆడపిల్లకు కిన్సెన్యేరా చేస్తారు. గౌను, చర్చి, బంధువులు, డాన్సు, అప్పులు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలు చూపిస్తే మా టీచర్ ఎయిడ్ పది నిమిషాలు వదల్లేదు. "మీరు కూడా ఒక్క రోజుకి ఇంత ఖర్చు పెడతారా!" అంది. ఆమెకు ఎంత ఊరట కలిగిందో ముఖంలో కనిపించింది.

ఎడిసన్_మూర్తి | ఆగస్టు 25, ఉదయం 8:02

ఎవరూ ఏమీ అనుకోకండి. మన పిల్లలకే ఇక్కడ బోలెడు కష్టాలు. హెచ్-1 పోయి 60 రోజుల్లో సర్దుకోవాల్సినవాళ్ళు ఉన్నారు, ఆసుపత్రి బిల్లులకు చందాలు పోగు చేస్తున్నాం. ముందు మనవాళ్ళను చూసుకోక ఇదంతా ఎందుకు? వాళ్ళకు వాళ్ళ సంఘాలు ఉన్నాయి కదా. 2020 సెన్సస్‌లో 6 కోట్ల 20 లక్షల మంది. మనకన్నా ఎంతో పెద్ద జనం. వాళ్ళకు మన కమిటీ ఇచ్చే రెండు వేల డాలర్లు ఏ మూలకు?

ఫ్రెస్నో_సుధ | ఆగస్టు 25, మధ్యాహ్నం 12:48

మూర్తి గారూ, కోపం లేదు, మీరన్నదాంట్లో సగం నిజమే. మిగతా సగం గురించి చెప్తాను, కాస్త పొడవవుతుంది.

మాది కాలిఫోర్నియా. మా ఇంటి నుంచి డెలానో ఊరు గంట పైచిలుకు ప్రయాణం. 1965 సెప్టెంబరు 8న అక్కడి ద్రాక్షతోటల్లో సమ్మె మొదలుపెట్టింది మెక్సికన్లు కాదు, ఫిలిప్పీన్స్ కూలీలు. ల్యారీ ఇట్లియాంగ్ వాళ్ళ నాయకుడు. అంతకుముందు యజమానులది ఒకటే ఎత్తు, ఒకళ్ళు సమ్మె చేస్తే రెండోవాళ్ళను పనికి దించడం. ఈసారి సెప్టెంబరు 16న, వాళ్ళ స్వాతంత్ర్య దినం రోజునే, మెక్సికన్ కూలీల సంఘం కూడా కలిసింది. డొలోరెస్ వెర్టా ఆ సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు. ఐదేళ్ళు పట్టింది. దేశమంతా ద్రాక్షపళ్ళు కొనడం మానేస్తే 1970లో యజమానులు దిగివచ్చి ఒప్పందాలు చేసుకున్నారు. ఆసియావాళ్ళు మొదలుపెట్టిన సమ్మె అది, పక్కవాళ్ళు వచ్చి కలిస్తేనే గెలిచింది.

ఆ శరదృతువులోనే, 1965 అక్టోబరు 3న, మనకు ఈ దేశం తలుపు తీసిన ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పడింది. ఆ చట్టం వచ్చిన గాలి ఎక్కడిది? నల్లవాళ్ళ హక్కుల పోరాటానిది.

ఇంకా వెనక్కి వెళ్తే పంజాబీలు. 1900ల మొదట్లో ఇంపీరియల్ లోయకు, యూబా సిటీ వైపుకు వచ్చిన పంజాబీ రైతులకు ఇండియా నుంచి పెళ్ళాలను తెచ్చుకునే వీల్లేదు. 1917 చట్టం ఆ దారి మూసేసింది. తెల్లవాళ్ళను చేసుకోవడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. పొలాల్లో పక్కన పనిచేసే మెక్సికన్ ఆడవాళ్ళను చేసుకున్నారు. పిల్లలకు స్పానిష్ పేర్లు, ఇంటిపేరు సింగ్. ఇంట్లో స్పానిష్, పొయ్యి మీద రొట్టె. యూబా సిటీలో అలాంటి కుటుంబమే నడిపిన హోటల్ ఒకటి 1990ల దాకా ఉండేది, రొట్టెలో చీజు పెట్టి క్వెసడీయా అమ్మేవాళ్ళు. మనవాళ్ళకు ఈ దేశంలో కుటుంబం అంటూ దొరకని రోజుల్లో వాళ్ళకు కుటుంబం ఇచ్చింది ఎవరో చూడండి. ఆ ఇంపీరియల్ లోయ నుంచే దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెస్‌కు, అంటే ఇక్కడి పార్లమెంటుకు గెలిచారు.

మీరన్న రెండు వేల డాలర్లు పెద్ద సంస్థకు ఏ మూలకూ రావు, ఒప్పుకుంటాను. పక్క వీధిలో ఇద్దరు జీతగాళ్ళతో నడిచే సెంటర్‌కు అది రెండు నెలల డైపర్లు.

ఎడిసన్_మూర్తి | ఆగస్టు 25, మధ్యాహ్నం 1:30

పంజాబీల సంగతి నాకు తెలియదమ్మా. సరే. కానీ మనవాళ్ళ సంగతి మర్చిపోవద్దని నా మాట అలాగే ఉంటుంది.

మోడరేటర్ | ఆగస్టు 25, మధ్యాహ్నం 2:05

మూర్తి గారి మాట ఉండనిద్దాం. సరిహద్దు గోడ, పార్టీలు, ఓట్లు ఈ చర్చలోకి రానివ్వకండి. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్ళకు తెలుసు.

లెక్కల_కిరణ్ | ఆగస్టు 25, రాత్రి 8:44

నేను సీపీఏని, అంటే అకౌంటెంటుని. "ఏ సంస్థను నమ్మాలి" అన్నదానికి నా వంతు.

పేరున్నవి ముందు. యునిడోస్ యూఎస్ 1968లో ఆరిజోనాలో పుట్టింది, 2017 దాకా నేషనల్ కౌన్సిల్ ఆఫ్ లా రాసా అనేవాళ్ళు. దేశమంతా వందల స్థానిక సంస్థలు దీనికి అనుబంధంగా ఉన్నాయి. నా దృష్టిలో దీని అసలు ఉపయోగం అదే. వాళ్ళ సైటులో మీ ఊరి దగ్గర ఏ సెంటర్ ఉందో వెతకొచ్చు. లూలాక్ అనే హక్కుల సంఘం 1929లో కార్పస్ క్రిస్టీలో మొదలైంది, చాలా పాతది. మాల్డెఫ్ 1968లో రమేష్ గారి శాన్ ఆంటోనియోలోనే మొదలైంది, కోర్టు కేసులు నడుపుతుంది. కాలేజీల వైపు హాకూ అనే కాలేజీల సంఘం, పిల్లల స్కాలర్‌షిప్పులకు 1975 నుంచి ఉన్న హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్. వ్యాపారస్తులకు హిస్పానిక్ చాంబర్ ఆఫ్ కామర్స్ దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంటుంది.

ఏదైనా సరే, చెక్కు రాసే ముందు ఆ సంస్థ ఈఐఎన్ నంబరు (పన్ను గుర్తింపు సంఖ్య) అడగండి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైటులో పన్ను మినహాయింపు సంస్థల వెతుకులాట పేజీ ఉంది, అందులో కొట్టండి. 501(సి)(3), అంటే దాతృత్వ సంస్థగా నమోదైతేనే మీ చందాకు పన్ను మినహాయింపు. 501(సి)(4), అంటే లాబీయింగ్ ఎక్కువగా చేయగల సంఘమైతే సంస్థ మంచిదే కావచ్చు, మినహాయింపు మాత్రం రాదు. ఒకే పేరుతో రెండూ నడిపేవాళ్ళు ఉంటారు, చెక్కు ఏ పేరున రాస్తున్నారో చూసుకోవాలి. తర్వాత ఫారం 990, అంటే సంస్థలు ఏటా ఐఆర్‌ఎస్‌కు ఇచ్చే లెక్కల పత్రం. ప్రోపబ్లికా సైటులో ఉచితంగా కనిపిస్తుంది. నేను ముందు చూసేది జీతాల పేజీ కాదు, మూడేళ్ళ ఆదాయం. ఒక్క గ్రాంటు మీదే నడుస్తుంటే అది ఆగిన రోజు తలుపులు మూస్తారు, మన చిన్న డబ్బు అలాంటి చోటే ఎక్కువ పనికొస్తుంది. అన్నట్టు, చర్చిలు 990 వేయనక్కర్లేదు, కాబట్టి చర్చి నడిపే ప్యాంట్రీకి 990 దొరకలేదని అనుమానపడకండి.

మరొకటి. మన కమిటీల్లో సగం మంది కంపెనీలు డాలరుకు డాలరు కలుపుతాయి. కమిటీ పేరున ఒక్క చెక్కు రాస్తే ఆ మ్యాచింగ్ పోతుంది. ఎవరికి వాళ్ళు తమ ఆఫీసు పోర్టల్ నుంచి ఇవ్వండి. మీ వైపు సెప్టెంబరులో నార్త్ టెక్సస్ గివింగ్ డే ఉంటుంది, ఆ రోజు ఇస్తే కొన్ని సంస్థలకు పైన బోనస్ కూడా వస్తుంది.

"ఈ డబ్బు పుస్తకాలకే వాడాలి" లాంటి షరతులు పెట్టకండి. కరెంటు బిల్లు కట్టడానికి ఎవరూ చందా ఇవ్వరు. లైట్లు లేకపోతే పుస్తకాలు ఎలా చదువుతారు?

దోసె_బండి | ఆగస్టు 26, రాత్రి 12:10

ఇప్పుడే షట్టర్ దించి రాస్తున్నా అన్నా, తప్పులుంటే సర్దుకోండి. నాది చిన్న టిఫిన్ హోటల్. అమెరికాలో మీరు తినే దోసెల్లో ఎన్ని గ్వాటెమాలా, మెక్సికో చేతులు వేసినవో మీకు తెలియదు. మా దగ్గర పెనం మీద ఉండేది పుయెబ్లా నుంచి వచ్చిన అతను. పెనం మీద నీళ్ళు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, ఆ చప్పుడు విని వేడి చెప్తాడు. నాకన్నా పల్చగా తిప్పుతాడు. "కారం" అంటాడు, "పొడి" అంటాడు, "పార్సిల్" అంటాడు. నేను మాత్రం మూడేళ్ళు అతనితో "రాపిదో, రాపిదో" (త్వరగా, త్వరగా) తప్ప వేరే స్పానిష్ ముక్క మాట్లాడలేదు.

చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. నేను సొంతంగా పెట్టకముందు వేరే హోటల్లో మేనేజరుగా చేశా. పేరు వద్దు. అక్కడ వెనక వంటగదిలోవాళ్ళకు ఓవర్‌టైమ్ లేదు, కొందరికి ఆఖరి నెల జీతం ఎగ్గొట్టిండ్రు. వాళ్ళు ఎవరికీ చెప్పలేరని యజమానికి ధీమా. నేను కూడా నోరు మూసుకున్నా, అది నా తప్పే. తర్వాత తెలిసింది, చేసిన పనికి జీతం అడగడానికి ఇమిగ్రేషన్ కాగితాలతో సంబంధం లేదు. టెక్సస్‌లో అయితే జీతం రావాల్సిన రోజు నుంచి 180 రోజుల్లోపు వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో క్లెయిమ్ వేయొచ్చు. ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేజ్ అండ్ అవర్ విభాగం వేరే ఉంది.

మీ కమిటీలో ఎంతమంది హోటళ్ళు, కన్‌స్ట్రక్షన్ నడుపుతున్నరో చూడండి. చందా ఇచ్చే ముందు ఆ లెక్క సరిచేసుకోవాలని నా ఉద్దేశం.

అలమో_రమేష్ | ఆగస్టు 26, ఉదయం 7:20

తమ్ముడూ, అర్ధరాత్రి రాసినా బాగా రాశావు.

కన్‌స్ట్రక్షన్ అన్నావు కాబట్టి. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు మనవాళ్ళ కొత్త ఇళ్ళు జులై ఎండలో కప్పేది ఎవరో మనందరికీ తెలుసు. నాలుగు గంటలకొకసారి పది నిమిషాలు నీళ్ళకు, నీడకు విరామం ఇవ్వాలని ఆస్టిన్ 2010లో, డాలస్ 2015లో రూలు పెట్టాయి. అలాంటి ఊరి రూల్స్ చెల్లకుండా 2023లో రాష్ట్రం ఒక చట్టం చేసింది, అది కోర్టుకెక్కింది. ఇది రాజకీయం కాదు మోడరేటర్ గారూ, నీళ్ళ సంగతి. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వారానికోసారి చూడ్డానికి వెళ్తారుగా, ఒక కూలర్ నిండా ఐసు, నీళ్ళు పట్టుకెళ్ళండి.

హ్యూస్టన్_అనిత | ఆగస్టు 26, మధ్యాహ్నం 3:33

నేను నర్సుని, ప్రసూతి వార్డు. పోయిన నెల ఒకమ్మాయి వచ్చింది, గ్వాటెమాలా. మేం స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌ను వీడియోలో పెట్టాం. అన్నిటికీ "సీ, సీ" అంటోంది. నొప్పి ఎక్కడ అన్నా సీ, నొప్పి లేదా అన్నా సీ. అరగంట తర్వాత ఇంటర్‌ప్రెటరే పట్టేశాడు, "ఈమెది స్పానిష్ కాదు" అని. ఆమెది మామ్ భాష. గ్వాటెమాలాలో ఇరవైకి పైగా మాయా భాషలు ఉన్నాయి. మెక్సికోలో ప్రభుత్వం గుర్తించిన ఆదివాసీ భాషలే 68. మామ్ ఇంటర్‌ప్రెటర్‌ను ఫోన్లో పట్టుకున్నాక ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టి ఆపలేదు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. హైదరాబాదు ఆసుపత్రిలో హిందీలో అడిగినవాటన్నిటికీ ఆమె ఇలాగే "హా, హా" అనేది.

కాబట్టి ప్రతి ఫ్లయర్‌నూ గూగుల్‌లో స్పానిష్ చేసేసి పని అయిపోయిందనుకోకండి.

వాళ్ళ పిల్లలతో అనువాదం చేయించకండి. పదేళ్ళ పిల్లాడు అమ్మ రిపోర్టు చదివి చెప్పడం నేను చూశాను.

స్పానిష్‌లోనూ మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. పెద్దవాళ్ళను ఉస్తెద్ అనే అనండి. ఫోన్లో ఆట ఆడుతూ నేర్చుకునేవాళ్ళకు తూ ముందు వస్తుంది, దాంతో డెబ్బై ఏళ్ళ ఆవిడను "నీకు నొప్పా?" అన్నట్టు అడుగుతారు. ఇంకో మాట అహొరీతా. అర్థం "ఇప్పుడే". అది మన "వస్తున్నా, దార్లో ఉన్నా" లాంటి ఇప్పుడే.

ప్రొమొతోరా అనే మాట వినండి. ఊళ్ళో తమవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి షుగరు, బీపీ, గర్భిణుల సంగతి చూసే ఆడవాళ్ళు. మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్ళు అనుకోండి. ఏ సెంటర్ ఎలాంటిదో తెలియాలంటే ఆఫీసులో డైరెక్టర్ను కాదు, వీళ్ళను అడగాలి.

గోంగూర_గోపాల్ | ఆగస్టు 26, సాయంత్రం 6:01

సీరియస్ చర్చలో తిండి గోల, క్షమించాలి. మెక్సికన్ కిరాణాకొట్టుకు ఒకసారి వెళ్ళి చూడండి. "హమైకా" అని ఎండిన ఎర్ర పూలు సంచుల్లో అమ్ముతారు, నానబెట్టి షర్బత్ చేస్తారు. నోట్లో వేసుకుంటే ఎర్ర గోంగూర పులుపే. మొక్క అదే మరి, మనం ఆకు తింటాం, వాళ్ళు కాయ మీది ఎర్ర రేకులు వాడతారు. మామిడికాయ ముక్కల మీద కారం, ఉప్పు, నిమ్మరసం. చింతపండు మిఠాయికి కారం. మనూరి బడి ముందు బండి ఇక్కడికి ఎవరు తెచ్చారా అనిపించింది. మిరపకాయ, టమాటా, జామ, బొప్పాయి అటునుంచే మనకు వచ్చాయి, చింతపండు, మామిడి ఇటునుంచి వాళ్ళకు పోయాయి.

లక్ష్మి గారూ, అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. మీ బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు పుట్టిల్లు కూడా మెక్సికోనే. నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దలకు వాళ్ళు పెట్టే పూలు అవే. సెంపసూచిల్ అంటారు. పీట మీద ఫోటో, ఇష్టమైన వంట, నీళ్ళు, దీపం, చుట్టూ బంతిపూలు. మనకు బతుకమ్మ మొదలయ్యేది పెద్దల అమావాస్య రోజున. ఏదో ఉంది అనిపించట్లేదూ?

చికాగో_స్వప్న | ఆగస్టు 27, ఉదయం 9:25

గోపాల్ గారూ, ఆ నవంబరు పీటలు చూడాలంటే మా ఊరు రండి. పిల్సెన్ పేటలో నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్ ఉంది, 1987లో తెరిచారు, ఎప్పుడూ ఉచితమే. న్యూయార్క్‌లో ఎల్ మ్యూజియో దెల్ బారియో ఉంది, వాషింగ్టన్‌లో అమెరికన్ హిస్టరీ మ్యూజియం లోపల 2022లో ఒక లాటినో గ్యాలరీ తెరిచారు. లక్ష్మి గారికైతే దగ్గర్లో డాలస్ లాటినో కల్చరల్ సెంటర్.

నేను ఇమిగ్రేషన్ లాయరు దగ్గర పనిచేస్తాను, అందుకని ఒక హెచ్చరిక. వాళ్ళ దేశాల్లో "నోటారియో" అంటే లాయరు చదువు చదివిన పెద్ద హోదా మనిషి. ఇక్కడ నోటరీ అంటే ముద్ర వేసేవాడు. ఆ మాట అడ్డం పెట్టుకుని కొందరు బోర్డు తగిలించి వేల డాలర్లు గుంజి, తప్పు ఫారాలు వేసి కేసులు చెడగొడతారు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా అలా వెళ్తుంటే ఆపండి. ఫీజు కట్టలేనివాళ్ళకు న్యాయశాఖ గుర్తింపు ఉన్న సంస్థలు ఉన్నాయి, వాటి జాబితా ఆ శాఖ సైటులోనే దొరుకుతుంది. మీరు మాత్రం సలహా ఇవ్వకండి. "మా హెచ్-1కి ఇలా చేశాం" అని వాట్సాప్ న్యాయం చెప్పడం మనవాళ్ళకు అలవాటు, వాళ్ళ కేసు పూర్తిగా వేరు.

ఇంకోటి, ఫోటోలు. కుటుంబాల ముఖాలు, పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. భయపడి రెండోసారి రారు. మీ కందిపప్పు ఫోటోల్లో వెనక ఎవరైనా ఉంటే తీసేయండి.

ప్లానో_లక్ష్మి | ఆగస్టు 27, రాత్రి 10:12

తీసేశాను స్వప్నా. వెనక ముగ్గురు ఉన్నారు, ఒక పాప కూడా. అప్పుడు తోచనే లేదు.

శనివారం ఒక సెంటర్‌కు వెళ్తున్నాను. ఈసారి ఏమీ పట్టుకెళ్ళకుండా.

ప్లానో_లక్ష్మి | సెప్టెంబరు 3, రాత్రి 9:58

వెళ్ళొచ్చాను. రెండు గంటలు కూర్చున్నాను, ఎక్కువసేపు వాళ్ళే మాట్లాడారు.

"మీకేం కావాలి?" అని అడిగితే ముందు "ఏదైనా పర్లేదు" అన్నారు. మనింటికి చుట్టాలొస్తే "కాఫీ తాగుతారా" అంటే "ఎందుకండీ ఇప్పుడు" అన్నట్టు. రెండోసారి, మూడోసారి అడిగాక అసలు మాట వచ్చింది. డైపర్లు, అదీ నాలుగు, ఐదు, ఆరు నంబర్ల సైజులు. ప్రభుత్వం తిండికోసం ఇచ్చే ఫుడ్ స్టాంపులతో డైపర్లు కొనడానికి లేదట, అందరూ తెచ్చి ఇచ్చేవేమో పసికందు సైజులే. తిండి సామాన్లయితే మొక్కజొన్న మాసా పిండి, పింటో చిక్కుళ్ళు, వంటనూనె. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉచితంగా టాక్స్ రిటర్నులు వేసిపెట్టే మనుషులు కావాలి. వీటా అంటారు, ఐఆర్‌ఎస్ వాళ్ళదే పరీక్ష రాయాలి. కిరణ్ గారూ, మీ పేరు ఇచ్చేశాను, తిట్టకండి. మా కమిటీలో ఇంకో నలుగురు అకౌంటెంట్లు ఉన్నారు, ఏడేళ్ళుగా వాళ్ళతో కుర్చీలు మోయిస్తున్నాం.

హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న మా ఇద్దరమ్మాయిలు కూడా వస్తామన్నారు. జీతం లేని పనే అయినా ముందు లాయరును అడిగి రమ్మన్నాను.

కందిపప్పు ఏమైందంటే, ఒక ప్రొమొతోరా దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి వెల్లుల్లి, టమాటా, కొత్తిమీర వేసి సూపు కాచిందట. బాగుందట. వంట తెలియకే ఎవరూ తీసుకోలేదన్నమాట. ఒక కాగితం మీద స్పానిష్‌లో నాలుగు వాక్యాలు రాసి సంచికి అంటిస్తే పోయేది. ఆమె చేత్తోనే రాయించి అంటించాం. ఇంకా పదకొండు సంచులు ఉన్నాయి.

లెక్కల_కిరణ్ | సెప్టెంబరు 3, రాత్రి 10:20

తిట్టను గానీ, నేను ఉండేది అట్లాంటాలో లక్ష్మి గారూ 🙂 ఇక్కడ వీటా ఎక్కడ ఉందో చూస్తాను.

గోంగూర_గోపాల్ | సెప్టెంబరు 3, రాత్రి 10:41

బంతిపూల సంగతి హాలు ఆవిడకు చెప్పారా?

ప్లానో_లక్ష్మి | సెప్టెంబరు 16, రాత్రి 11:03

ఆలస్యంగా రాస్తున్నాను. నిన్న 15వ తేదీ కదా, హాలు బుకింగ్ పని మీద వెళ్ళి, స్వాతంత్ర్య దినం శుభాకాంక్షలు అని కాగితం మీద రాసుకున్న స్పానిష్ చదివాను. ఉస్తెద్ అనే అన్నాను అనితా. ఆవిడ చేతిలో మాప్ పక్కన పెట్టి నవ్వింది. ఆ ఊపులో గోపాల్ గారి బంతిపూల కథంతా చెప్పాను. మీ పువ్వే మా పండగ అన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, "అది మెక్సికో వాళ్ళదమ్మా. మాది హోండురాస్" అంది.

ఇన్ని పోస్టులు చదివి కూడా.

తర్వాత నేనే అడిగాను, మా పండగ రోజు మీకేమైనా ఇబ్బందా అని. మొదట లేదంది. మూడోసారి అడిగాక చెప్పింది. మేం పదింటికి ఖాళీ చేస్తామని రాసిచ్చి పదకొండున్నరకు కదులుతాం. పూలన్నీ ఏరి, కడిగి, తాళం వేసేసరికి ఆవిడ ఆఖరి బస్సు పోతుంది. ఏడేళ్ళుగా బతుకమ్మ రోజు వాళ్ళ మేనల్లుడు పని మానుకుని వచ్చి తీసుకెళ్తున్నాడు.

ఈసారి తొమ్మిదిన్నరకు పాట ఆపాలని కమిటీలో పెట్టాను. గొడవ జరుగుతోంది.